నాసికాన్ పెల్లెట్ చేయడం, కొలవడం: డోపెంట్ సంగతి తర్వాత

ల్యాబ్‌లో కొత్తగా చేరినవాళ్లు మొదటి వారంలోనే అడుగుతారు, "ఏ డోపెంట్ వేద్దాం అన్నా?" అని. డోపెంట్ అంటే పదార్థం గుణం మార్చడానికి కొద్దిగా కలిపే వేరే మూలకం. నేను చెప్పేది ఎప్పుడూ ఒకటే. ముందు ఏమీ కలపని మామూలు నాసికాన్ (సోడియం అయాన్లను పోనిచ్చే సిరామిక్) పెల్లెట్‌ని మూడు బ్యాచ్‌లు చెయ్యి, మూడింటి కండక్టివిటీ (అయాన్లు ఎంత సులువుగా పోతాయన్న కొలత) దగ్గరదగ్గరగా వస్తే అప్పుడు డోపెంట్ మాట మాట్లాడుకుందాం. పెద్దరికం చూపించడానికి అనే మాట కాదిది. నేను మొదటి ఏడాదంతా స్కాండియం, మెగ్నీషియం అంటూ తిరిగాను, చివరికి తేలిందేమిటంటే నేను కొలిచిన తేడాల్లో చాలావరకు డోపెంట్ వల్ల వచ్చినవి కావు, ఒక్కో పెల్లెట్‌లో మిగిలిపోయిన రంధ్రాల వల్ల, ఫర్నేస్‌లో ఎగిరిపోయిన సోడియం వల్ల వచ్చినవి.

విషయం తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. సోడియం బ్యాటరీలో ద్రవ ఎలక్ట్రోలైట్ బదులు సిరామిక్ బిళ్ళ పెట్టాలంటే అది సోడియం అయాన్లను పోనివ్వాలి, ఎలక్ట్రాన్లను ఆపాలి. ఈ దారిలో ముందు వచ్చింది బీటా అల్యూమినా, 1960ల్లో అమెరికాలో ఫోర్డ్ కంపెనీ ల్యాబ్‌లో దాంతో సోడియం సల్ఫర్ బ్యాటరీ చేశారు. మంచి పదార్థమే కానీ కాల్చడానికి దాదాపు 1600 డిగ్రీలు కావాలి, పైగా గాలిలో తేమను పీల్చుకుంటుంది. 1976లో ఎంఐటీ లింకన్ ల్యాబొరేటరీలో హాంగ్, గుడెనఫ్ (2019లో కెమిస్ట్రీ నోబెల్ అందుకున్న గుడెనఫే) బృందం నాసికాన్‌ని చూపించింది. దీనికి 1200 దాటిన కాస్త వేడి చాలు, అంటే మామూలు యూనివర్సిటీ ల్యాబ్‌లో ఉండే మఫుల్ ఫర్నేస్‌తో పని జరుగుతుంది. మనం చేయబోయే ఫార్ములాలో సోడియం మూడు, జిర్కోనియం రెండు, సిలికాన్ రెండు, ఫాస్ఫరస్ ఒకటి, ఆక్సిజన్ పన్నెండు.

తూకం

0.02 మోల్ బ్యాచ్ తీసుకుందాం, చివరికి పదిన్నర గ్రాముల పైచిలుకు పౌడర్ వస్తుంది, పెల్లెట్‌లు ఇరవై దాకా చేసుకోవచ్చు. జిర్కోనియా 4.929 గ్రాములు, సిలికా 2.403 గ్రాములు. సోడియం కార్బొనేట్ లెక్క ప్రకారం 3.180, అమ్మోనియం డైహైడ్రోజన్ ఫాస్ఫేట్ 2.301. కానీ ఈ రెండింటినీ 10 శాతం ఎక్కువ వేస్తాం, అంటే 3.498, 2.531. పైన వేడిలో సోడియం, ఫాస్ఫరస్ ఆవిరై పోతాయి, ఆ పోయేదాని కోసం ముందే కట్టే జరిమానా అనుకోండి. అలాగని 20 శాతం వేస్తే ఇంకా మంచిదనుకోవద్దు, మిగిలిపోయిన సోడియం ఫాస్ఫేట్ గాజులాగా మారి సిరామిక్‌లోని గింజల (చిన్న స్ఫటికాల) మధ్య పేరుకుంటుంది.

తూకానికి ముందు ఎండబెట్టడం మర్చిపోతే పైన రాసిన మూడు దశాంశ స్థానాలకు అర్థం లేదు. విశాఖలాంటి ఊళ్లో వానాకాలంలో సోడియం కార్బొనేట్ డబ్బా మూత పది నిమిషాలు తెరిచి ఉంచితే చాలు, నీళ్లు కూడా కలిపి తూస్తున్నట్టే. దాన్ని రాత్రంతా 200 డిగ్రీల్లో ఉంచి, డెసికేటర్‌లో (తేమ చేరని మూత పాత్రలో) చల్లార్చి, వెంటనే తూయండి. సన్న సిలికాని 500 డిగ్రీల దాకా వేడి చేసినా ఏం కాదు. అమ్మోనియం ఫాస్ఫేట్‌ని మాత్రం 80 డిగ్రీలు దాటనివ్వకండి, 190 దగ్గర అది కరగడం మొదలుపెడుతుంది, మా జూనియర్ ఒకడు అన్నీ కలిపి ఒకే ఓవెన్‌లో పెట్టేసి గిన్నెకి అంటుకుపోయిన గాజుముద్దను రెండు రోజులు గోకాడు. ఇంకో మాట, సిలికా తూసేటప్పుడు మాస్క్ తప్పనిసరి. అది పొగలా లేస్తుంది, ఊపిరితిత్తుల్లోకి వెళ్తే మళ్లీ బయటికి రాదు.

జిర్కోనియా అనగానే మనవాళ్లకి హైదరాబాద్‌లోని న్యూక్లియర్ ఫ్యూయల్ కాంప్లెక్స్ గుర్తుకు రావాలి. రియాక్టర్ కోసం వాళ్లు జిర్కోనియంలోంచి హాఫ్నియంని వేరు చేస్తారు, మనకి ఆ అవసరం లేదు, కొన్న జిర్కోనియాలో ఒకటి రెండు శాతం హాఫ్నియా ఉన్నా నాసికాన్ ఏమీ అనుకోదు. ఆ జిర్కోనియం మూలం జిర్కాన్ ఇసుక, మన భీమిలి, కళింగపట్నం తీరాల ఇసుకలోనూ ఉండేదే. లెక్కలో ఒక సరదా ఉంది: రెండు జిర్కాన్, ఒక ట్రైసోడియం ఫాస్ఫేట్ కలిపితే అణువుకి అణువు సరిపోయి నాసికాన్ ఫార్ములా వచ్చేస్తుంది! కాగితం మీద ఎంత బావుందో ఫర్నేస్‌లో అంత మొండిది, జిర్కాన్ ఒక పట్టాన స్పందించదు. మొదటిసారికి ఆ దారి వద్దు.

కలపడం, మొదటి కాల్పు

బాల్ మిల్ (గుండ్లతో తిప్పి పొడి చేసే యంత్రం) జార్, బాల్స్ రెండూ జిర్కోనియావే వాడండి. స్టీల్ అయితే ఇనుము అరిగి పౌడర్ రంగు మారుతుంది. పౌడర్ బరువుకి పదింతలు బాల్స్, మునిగేంత ఐసోప్రొపనాల్, నిమిషానికి 300 చుట్లు, అరగంట తిప్పి పావుగంట ఆపుతూ మొత్తం 10 నుంచి 12 గంటలు. నీళ్లు ఎందుకు పోయకూడదని ప్రతి ఒక్కరూ అడుగుతారు. సోడియం కార్బొనేట్, అమ్మోనియం ఫాస్ఫేట్ రెండూ నీళ్లలో కరుగుతాయి, ఎండబెట్టేటప్పుడు ఉప్పు మడిలో ఉప్పు తేలినట్టు అంచుల్లో వేరుగా పేరుకుంటాయి, అన్ని గంటలు తిప్పి కలిపింది వృథా. ఐసోప్రొపనాల్ వాడినా జార్ తెరిచేటప్పుడు ఫ్యూమ్ హుడ్ కింద పెట్టి మెల్లగా మూత వదులు చేయండి, కార్బొనేట్‌కీ ఫాస్ఫేట్‌కీ లోపలే కొంత గొడవ జరిగి గ్యాస్ పుడుతుంది, అమ్మోనియా ఘాటు ముక్కుకి కొడుతుంది. తర్వాత 80 డిగ్రీల్లో ఎండబెట్టండి, మధ్యమధ్యలో గరిటెతో కలుపుతూ ఉంటే బరువైన జిర్కోనియా అడుక్కి దిగదు.

అల్యూమినా క్రూసిబుల్‌ని సగమే నింపండి, పొంగుతుంది. నిమిషానికి 2 డిగ్రీల చొప్పున 400కి వెళ్లి నాలుగు గంటలు ఆగండి. కార్బన్ డయాక్సైడ్, అమ్మోనియా, నీరు చాలావరకు ఇక్కడే పోతాయి. అక్కడి నుంచి 1100కి వెళ్లి 12 గంటలు. చల్లారాక తూయండి. ఈ పని చాలామంది చేయరు, ఎందుకు చేయరో నాకు అర్థం కాదు, ఖర్చు లేని టెస్ట్ ఇది. మనం వేసింది మొత్తం 13.36 గ్రాములు, పోవాల్సిన గ్యాస్‌లన్నీ పోతే దాదాపు 10.9 గ్రాములు మిగలాలి, అంటే 18 శాతం తగ్గుదల. మిల్లింగ్‌లో జార్‌కి అంటుకుని పోయింది ఈ లెక్కలోకి రాకుండా క్రూసిబుల్‌లో వేసిన బరువుతోనే శాతం కట్టండి. 18 బదులు 21 వచ్చిందంటే మీ పౌడర్‌లో తేమ ఉండిపోయింది, లేదా తూకం తప్పింది. ఈ బ్యాచ్ పక్కన పెట్టేసి మళ్లీ మొదలుపెట్టండి, ఇక్కడ పోయేది రెండు రోజులే, ఇంకో పది రోజుల తర్వాత తెలిస్తే ఏడుపొస్తుంది.

ఇప్పుడు ఎక్స్‌ఆర్‌డీ (ఎక్స్‌రేలతో ఏ స్ఫటికాలు ఉన్నాయో చూసే పరీక్ష) తీస్తే 28.2, 31.5 డిగ్రీల దగ్గర జిర్కోనియా పీక్‌లు కొంచెం కనిపించవచ్చు, ఈ దశలో ఫర్వాలేదు. పౌడర్‌ని మళ్లీ అదే విధంగా ఇంకో 10 గంటలు మిల్ చేయండి. గింజ ఎంత సన్నగా ఉంటే తర్వాతి కాల్పులో అంత గట్టిగా కుదురుకుంటుంది.

బిళ్ళ నొక్కడం

పౌడర్‌లో ఒకటి రెండు శాతం పీవీబీ బైండర్‌ని (పొడిని అంటించి ఉంచే జిగురుని) ఇథనాల్‌లో కరిగించి కలిపి, ఎండాక సన్న జల్లెడ పట్టండి. 12 మిల్లీమీటర్ల డైలో 0.4 గ్రాములు వేసి, తట్టి చదును చేసి నొక్కాలి. ఎంత? 150 మెగాపాస్కల్స్ అని పేపర్లలో రాస్తారు, మన ప్రెస్ మీద ఉండేదేమో టన్నులు. 12 మిల్లీమీటర్ల డై వైశాల్యం 113 చదరపు మిల్లీమీటర్లు, దాన్ని 150తో గుణిస్తే 17 వేల న్యూటన్లు, అంటే 1.7 టన్నులు. ఎక్కువ నొక్కితే ఎక్కువ గట్టిపడుతుందని 5 టన్నులు వేస్తే బయటికి తీసేటప్పుడు పైన టోపీలాగా ఒక పొర ఊడి వస్తుంది. రెండు నిమిషాలు ఆగి, ఒత్తిడిని మెల్లగా వదలండి, పెల్లెట్‌లు విరిగేది నొక్కేటప్పుడు కంటే వదిలేటప్పుడే ఎక్కువ. డై గోడలకి కాస్త స్టీరిక్ యాసిడ్ రాస్తే బిళ్ళ సులువుగా జారుతుంది. కోల్డ్ ఐసోస్టాటిక్ ప్రెస్ అందుబాటులో ఉంటే బిళ్ళని రబ్బరు సంచిలో పెట్టి 200 మెగాపాస్కల్స్ ఇవ్వండి, లేకపోయినా పని ఆగదు.

అసలు కాల్పు

కుమ్మరి పచ్చి కుండని ఆవంలో ఎంత జాగ్రత్తగా పేరుస్తాడో ఇక్కడ అంత జాగ్రత్త కావాలి. పెల్లెట్‌ని నేరుగా అల్యూమినా మీద పెట్టకండి, అంటుకుంటుంది, సోడియంని లాగేసుకుంటుంది. క్రూసిబుల్ అడుగున అదే బ్యాచ్ కాల్సిన్ పౌడర్ (మొదటి కాల్పు అయినది) పరిచి, దాని మీద పెల్లెట్ పెట్టి, పైన కూడా అదే పౌడర్‌తో పూర్తిగా కప్పి మూత పెట్టండి. ఆ పౌడర్ ముందుగా సోడియం వదులుతుంది, మూత లోపల ఆవిరి నిండుతుంది, పెల్లెట్‌లోది పెల్లెట్‌లో ఉండిపోతుంది. నేను ఒకసారి పౌడర్ దండగ ఎందుకని కప్పకుండా కాల్చాను. బిళ్ళ చూడ్డానికి బాగానే ఉంది, ఎక్స్‌ఆర్‌డీలో మాత్రం పై పొరంతా జిర్కోనియా. రెండు గ్రాముల పౌడర్ మిగిల్చి మూడు వారాలు పోగొట్టుకున్నా.

ప్రోగ్రామ్ ఇలా పెట్టండి: 600 దాకా నిమిషానికి 1 డిగ్రీ, అక్కడ బైండర్ కాలిపోవడానికి రెండు గంటలు, తర్వాత నిమిషానికి 3 డిగ్రీలతో 1230కి, అక్కడ 10 గంటలు, దిగేటప్పుడు కూడా నిమిషానికి 3. ఇందులో 1230 అనేది నా ఫర్నేస్ అంకె, మీది 1210 కావచ్చు, 1250 కావచ్చు. డిస్‌ప్లే మీద కనిపించే అంకెకీ పెల్లెట్ ఉన్న చోట నిజమైన వేడికీ 20, 30 డిగ్రీల తేడా ఉండటం చాలా మామూలు, అందుకే వేరే థర్మోకపుల్ (వేడి కొలిచే తీగ) ఒకటి పెట్టి ఒక్కసారైనా సరిచూసుకోండి. మొదటి బ్యాచ్‌లో 1200, 1225, 1250ల్లో మూడేసి పెల్లెట్‌లు కాల్చి డెన్సిటీ చూసి తేల్చుకోవడం ఉత్తమం. వేడి తక్కువైతే రంధ్రాలు మిగులుతాయి, ఎక్కువైతే సోడియం పోయి జిర్కోనియా పుడుతుంది, మధ్యలో మనకి దొరికే సందు చిన్నది.

తీశాక ఏం చూడాలి

సంతలో కుండ కొనేటప్పుడు వేలితో కొట్టి చూస్తాం కదా, అలాగే పెల్లెట్‌ని గాజు పలక మీద ఒక సెంటీమీటర్ ఎత్తు నుంచి వదలండి. ఖంగుమంటే బాగా కుదురుకుంది, టప్పుమంటే లోపల ఖాళీలో పగులో ఉంది. స్పేర్ పెల్లెట్ మీద మార్కర్ పెన్ ఇంకు చుక్క పెట్టి ఇథనాల్‌తో తుడవండి, మరక పోకుండా పాకిపోతే రంధ్రాలు ఒకదానితో ఒకటి కలిసి ఉన్నట్టే, అందులోంచి రేపు సోడియం కూడా అలాగే పాకుతుంది.

తర్వాత అంకెలు. వ్యాసం 10.2 మిల్లీమీటర్లు, మందం 1.5, బరువు 0.38 గ్రాములు వచ్చిందనుకోండి. ఘనపరిమాణం 0.1226 ఘనపు సెంటీమీటర్లు, డెన్సిటీ 3.10. నాసికాన్ అసలు డెన్సిటీ 3.27 కాబట్టి మనది 95 శాతం. 95 దాటితే సంతోషం, 92 నుంచి 95 అయితే కండక్టివిటీ వరకు కొలవొచ్చు, 90 కంటే తక్కువైతే తర్వాతి కొలతకి పూసే గోల్డ్ వృథా చేయకండి. ఆర్కిమెడిస్ పద్ధతి (ద్రవంలో ముంచి తూచి డెన్సిటీ కట్టడం) చేస్తే నీళ్లకు బదులు ఐసోప్రొపనాల్ వాడండి, నీళ్లు నాసికాన్‌లోంచి కొంత సోడియంని బయటికి లాగుతాయి.

ఎక్స్‌ఆర్‌డీ రెండు సార్లు తీయాలి, ఒకసారి పెల్లెట్ పై తలం, ఇంకోసారి దాన్నే పొడి చేసి. పై తలంలో జిర్కోనియా ఎక్కువ ఉండి పొడిలో లేకపోతే సోడియం పోయింది పై పొరలోంచి మాత్రమే, 800, 1200, 2000 నంబర్ ఎమెరీ పేపర్లతో అరగదీస్తే సరిపోతుంది. రెండింటిలోనూ ఉంటే వేడి గురించో తూకం గురించో ఆలోచించాల్సిందే.

ఇంపీడెన్స్

ఇంపీడెన్స్ అంటే వేర్వేరు ఫ్రీక్వెన్సీల ఏసీ కరెంట్‌కి పెల్లెట్ చూపే అడ్డు. అరగదీసిన పెల్లెట్ మందాన్ని మళ్లీ కొలిచి రాసుకోండి, పాత అంకె వాడటం అందరూ చేసే తప్పు. ఇక్కడ లెక్క తేలిగ్గా ఉండాలని అదే 1.5 అనుకుందాం. రెండు వైపులా గోల్డ్ స్పట్టర్ చేయండి (పలుచని పూతగా పట్టించండి), పక్క గోడల మీద పడితే షార్ట్ అవుతుంది కాబట్టి అంచుని తుడిచేయండి. గోల్డ్ లేకపోతే సిల్వర్ పేస్ట్. పరికరం ఎంత పై ఫ్రీక్వెన్సీకి వెళ్తే అక్కడి నుంచి 1 హెర్ట్జ్ దాకా, 20 మిల్లీవోల్టులతో కొలవండి.

వచ్చే బొమ్మ చూసి కంగారు పడకండి. పుస్తకాల్లో గీసిన రెండు అందమైన అర్ధవృత్తాలు గది వేడిలో మీకు కనపడవు. గింజ లోపలి కెపాసిటెన్స్ పికోఫారడ్‌లలో ఉంటుంది, రెసిస్టెన్స్ వంద ఓమ్‌ల చుట్టూ ఉంటుంది, రెండూ కలిపి లెక్క కడితే ఆ అర్ధవృత్తం పదుల, వందల మెగాహెర్ట్జ్‌ల దగ్గర ఉండాలి, 1 మెగాహెర్ట్జ్ దగ్గర ఆగిపోయే పరికరానికి అది అందదు. మీకు కనిపించేది గింజల సరిహద్దుల అర్ధవృత్తం, అదీ సగమో పావో, తర్వాత గోల్డ్ దగ్గర అయాన్లు ఆగిపోవడం వల్ల పైకి లేచే తోక. అర్ధవృత్తం ముగిసి తోక మొదలయ్యే చోట ఎక్స్ అక్షం మీద ఉన్న అంకే మొత్తం రెసిస్టెన్స్. నాకు నమ్మకమున్న అంకె అదొక్కటే. గింజ వేరు, సరిహద్దు వేరు అని విడదీయాలంటే పెల్లెట్‌ని సున్నా కంటే బాగా కిందికి చల్లబరిచి కొలవండి, గది వేడి డేటాకి ఫిట్టింగ్ సాఫ్ట్‌వేర్ ఏ అంకె కావాలంటే ఆ అంకె ఇస్తుంది.

మొత్తం 300 ఓమ్‌లు వచ్చిందనుకుందాం. మందం 0.15 సెంటీమీటర్లు, వైశాల్యం 0.817 చదరపు సెంటీమీటర్లు. మందాన్ని రెసిస్టెన్స్, వైశాల్యాల లబ్ధంతో భాగిస్తే సెంటీమీటరుకు 0.61 మిల్లీసీమెన్స్. డోపెంట్ లేని నాసికాన్‌కి గది వేడిలో 0.1 నుంచి 1 మధ్య రావడం సహజం. మీకు 6 వస్తే పార్టీ ఇవ్వకండి, మిల్లీమీటర్లను సెంటీమీటర్లుగా మార్చారో లేదో చూడండి. గోల్డ్ చుక్క పెల్లెట్ కంటే చిన్నదైతే వైశాల్యం ఆ చుక్కది తీసుకోవాలి.

25 నుంచి 125 డిగ్రీల దాకా 20 డిగ్రీలకొకసారి ఆగి, అరగంట స్థిరపడనిచ్చి కొలవండి, ఎక్కేటప్పుడూ దిగేటప్పుడూ. కండక్టివిటీని కెల్విన్ ఉష్ణోగ్రతతో గుణించి, దాని లాగరిథమ్‌ని ఉష్ణోగ్రత విలోమానికి ఎదురుగా గీస్తే వాలు నుంచి యాక్టివేషన్ ఎనర్జీ (అయాన్ కదలడానికి కావాల్సిన శక్తి) వస్తుంది. 0.3 నుంచి 0.4 ఎలక్ట్రాన్ వోల్టులు ఉండాలి. నోటి లెక్కకి ఒక గుర్తు: 0.35 అయితే 25 దగ్గర 300 ఓమ్‌లు ఉన్న పెల్లెట్ 75 దగ్గర 50 ఓమ్‌లకి దిగుతుంది. 150 దాటి వెళ్తే గీత కొంచెం వంగుతుంది, మీ తప్పేమీ కాదు, స్ఫటికం మోనోక్లినిక్ నుంచి రాంబోహెడ్రల్‌కి మారుతోంది. ఎక్కేటప్పుడు ఒక గీత, దిగేటప్పుడు దాని కింద ఇంకో గీత వచ్చిందంటే మాత్రం రంధ్రాల్లో చేరిన తేమ మొదటిసారి సాయం చేసింది, దిగేటప్పుడు వచ్చిన గీతనే నమ్మండి.

ఎలక్ట్రాన్లు పోతున్నాయా అన్నది తేల్చడానికి అదే గోల్డ్ పెల్లెట్‌కి 0.5 వోల్టులు ఇచ్చి కొన్ని గంటలు వదిలేయండి. కరెంట్ పడుతూ పడుతూ ఒక చోట నిలబడుతుంది. 50 నానోఆంపియర్ల దగ్గర ఆగితే ఎలక్ట్రాన్ల వాటా అయాన్ల వాటాలో 30 వేలవ వంతు కంటే తక్కువ, సరిపోతుంది.

సోడియం పెట్టి చూడటం

ఇది గ్లోవ్ బాక్స్ (గాలి చొరబడని పెట్టె) పని, ఆర్గాన్‌లో తేమ, ఆక్సిజన్ 1 పీపీఎం లోపు ఉండాలి. పెల్లెట్‌ని లోపలికి తీసుకెళ్లాక చివరి పాలిష్ అక్కడే మళ్లీ వేయండి, ఎందుకంటే గాలిలో ఉన్న ప్రతి గంటా పై తలం మీద కార్బొనేట్ పొర కడుతుంది. సోడియం 98 డిగ్రీలకే కరుగుతుంది కానీ కరిగిన సోడియంని పెల్లెట్ మీద వేస్తే తామరాకు మీద నీటిబొట్టులా గుండ్రంగా దొర్లుతుంది, అంటదు. తళతళలాడేలా కొత్తగా కోసిన సోడియం రేకుని రెండు వైపులా పెట్టి మెల్లగా అదమడం మొదటిసారికి సులువు. సెల్ బిగించాక ఇంపీడెన్స్ చూడండి. మొత్తం 420 వచ్చి అందులో పెల్లెట్‌ది 300 అయితే మిగిలిన 120 సోడియం, పెల్లెట్ తాకే రెండు ముఖాలది, ఒక్కో ముఖానికి 60, వైశాల్యంతో గుణిస్తే 50 ఓమ్ చదరపు సెంటీమీటర్లు. వేలల్లో వస్తే ముఖం శుభ్రంగా లేదు.

చదరపు సెంటీమీటరుకు 0.05 మిల్లీఆంపియర్లతో మొదలుపెట్టి, అటు అరగంట ఇటు అరగంట నడిపి, అంతే మెట్టు చొప్పున పెంచుతూ పోండి. 0.1 దగ్గర మన సెల్‌లో వోల్టేజ్ 34 మిల్లీవోల్టులు ఉండాలి, ఓమ్ సూత్రమే. గీత బల్లపరుపుగా ఉంటే బాగుంది. ప్రతి అరగంటా పైకి వంగుతుంటే సోడియం తీసిన వైపు ఖాళీలు పడుతున్నాయి. హఠాత్తుగా కిందికి పడి పది మిల్లీవోల్టుల దగ్గర నున్నగా నడుస్తుంటే చాలామంది "ఇంటర్‌ఫేస్ మెరుగైంది" అని రాసుకుంటారు, కాదు, సోడియం పెల్లెట్‌ని చీల్చుకుని అవతలికి చేరింది, షార్ట్. అక్కడ ఆపి మళ్లీ ఇంపీడెన్స్ తీయండి, 300 ఓమ్‌ల పెల్లెట్ రెసిస్టెన్స్ మాయమై ఉంటుంది.

మిగిలిన సోడియం ముక్కల్ని సింక్‌లో పడేసే తెలివితక్కువ పని ఎవరూ చేయరనుకుంటాం, చేస్తారు. ఫ్యూమ్ హుడ్ కింద చిన్న ముక్కలుగా ఐసోప్రొపనాల్‌లో వేసి, బుడగలు ఆగేదాకా, అవసరమైతే రాత్రంతా వదిలేయండి, తర్వాత కొంచెం ఇథనాల్, అదీ నిమ్మళించాకే చుక్క చుక్క నీళ్లు. పక్కన పొడి ఇసుక బకెట్ ఉండాలి. నీళ్లూ, కార్బన్ డయాక్సైడ్ సిలిండరూ రెండూ సోడియం మంటకి పనికిరావు.